ఒక్క రేషన్ కార్డు, రెండు ర్యాంకులు

మహారాజశ్రీ మానవాభివృద్ధి సూచిక గారికి,

కోరుట్ల నుంచి నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. ఎంత క్షేమమో మీకే బాగ ఎరుక, దశాంశం తర్వాత మూడంకెల దాక కొలిచి పెట్టిన్రాయె. ఐక్యరాజ్యసమితి 2025 నివేదికల మనకు ఒకటికి 0.685 ఇచ్చి, 193 దేశాలల్ల 130వ కాడ కూసోబెట్టిన్రు. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌కు 0.940, ర్యాంకు 15. కాదంటలేను. నా సందేహమల్లా మా బావ గురించి.

బావ దుబాయ్‌ల షట్టరింగ్ పని చేస్తడు. అక్క ఇక్కడ బీడీలు చుడుతది. అంటే ఆయన 15, ఆమె 130. రేషన్ కార్డు మాత్రం ఒక్కటే. చుట్టీ మీద వచ్చినప్పుడల్ల శంషాబాద్‌ల కాలువెట్టంగనే బావ 115 మెట్లు కిందికి దిగుతడు. అంత దూరం దిగినట్టు ఆయన ముఖంల ఏం కనబడది మరి, సంచులు మోసుకుంట నవ్వుకుంటనే వస్తడు.

1990ల మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ లాంటి పెద్దలు మిమ్మల్ని పుట్టించినప్పుడు, పైసలొక్కటే చూసి దేశాన్ని తూచొద్దన్నరు. ఆయుష్షు, చదువు కూడ చేర్చిన్రు. మంచి పనే. కానీ పైసల లెక్కే నాకు సమజైతలేదు. ధరల తేడా సరిజేసి లెక్కేస్తే అక్కడ తలకు ఏడాదికి 70 వేల డాలర్ల పైమాట, మన దగ్గర 9 వేల డాలర్లు. ఆ తలలల్ల బావ తల సుత ఉన్నది గదా! ఆయన చేతికొచ్చేది నెలకు 1,200 దిర్హాములు. తతిమ్మా డాలర్లు ఏ బీరువల పెట్టిన్రో జర చెప్తే, ఏజెంటుకు కట్టిన వీసా అప్పు తీర్చుకుంటడు.

ఇంకో విచిత్రం. ఏడాది దాటి అక్కడనే ఉంటున్నడు కాబట్టి బావ మీ లెక్కల అక్కడోడే, సంపాదన కూడ అక్కడిదే. నెలనెల ఇంటికి పంపే పైసలు మన జాతీయాదాయంల చేరనే చేరయట. ఆ పైసలతోని అక్క సిమెంటు బస్తాలు కొంటే, గప్పుడు దుకాణపోని సంపాదన కింద మీ కంట్ల పడ్తయి.

ఆయుష్షు అక్కడ 83 ఏండ్ల దగ్గర, మనకు 72. ఎందుకుండదు? పోకముందే మెడికల్ చేస్తరు. ఎక్స్‌రేల ఊపిరితిత్తుల మీద మచ్చ కనబడ్డదా, అన్‌ఫిట్. అన్‌ఫిటైనోడు 130ల్నే మిగులుతడు. ఫిటైనోడు పోయి, ఎండల కాలి, కిడ్నీలు చెడగొట్టుకొని పని చేతగాకుంటైతే మళ్ల మన పద్దులకే వస్తడు. ఆ దేశంల పది మందిల తొమ్మిది మంది దాక పరాయి దేశాలోళ్లే. వాళ్ల గట్టి ఏండ్లు అక్కడ జమ, డయాలసిస్ మాత్రం జగిత్యాల ఖాతా.

గట్లని మా ర్యాంకు పెంచుమంటలేను. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాక ఎండల పని చేయించొద్దని రూలున్నది. ఇక్కడి మేస్త్రికి నడి ఎండలనే పని యాదికొస్తది. "ఈడనే ఉండరాదా" అని అక్క అంటే, "ఉంటనే, పనేది?" అంటడు బావ. ఈ సవాలు జవాబులకు మీ పట్టికల గడి లేదు.

మనవి ఒక్కటే. వచ్చే నివేదికల మొగుడు పెండ్లాలను ఒక్క పేజీల రాయుండ్రి. కుదరకుంటే, పెండ్లైన కాన్నుంచి బావ ఇంట్ల ఉన్న నెలలు ఏ ఖాతాల రాసిన్రో చెప్పుండ్రి. అక్క అడుగుమన్నది.

ఇట్లు,
130వ ర్యాంకు బామ్మర్ది

తా.క.: వివరాలకు బావను అడుగుదామనుకుంటే వాట్సాప్‌ల కాల్ చెయ్యకుండ్రి. 15వ ర్యాంకు దేశంల అది కలువది. బోటిమ్ యాప్‌ల చెయ్యుండ్రి, అది సుత డ్యూటీ దిగినంకనే.