సెలవుతో తీరని అలసట

ఉద్యోగి బర్నౌట్ (పని ఒత్తిడి వల్ల పూర్తిగా అలసిపోయే స్థితి) పాలయ్యాడనగానే సంస్థలు ధ్యానం తరగతి పెడతాయి, లేదంటే వారం రోజులు సెలవు తీసుకోమంటాయి. రెండూ తప్పు కావు. కానీ సెలవు తెచ్చిన ఊరట మూడు వారాల్లోనే హరించుకుపోతుందని 1990ల నాటి పరిశోధనే చూపింది. పని మారలేదు మరి! చికిత్స మనిషికి చేస్తూ లోపాన్ని పనిలోనే వదిలేస్తున్నారన్నది మా అభియోగం.

2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను వ్యాధిగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగానే చేర్చింది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, చేసేదేదీ అక్కరకు రావడం లేదన్న భావన దాని లక్షణాలు. మొదటిదాన్నే పట్టుకుని తప్పంతా పని గంటలదేనని తేల్చడం తొందరపాటు. గంటల ప్రమాదం చిన్నదేమీ కాదు: వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కగట్టాయి. అయినా 40 గంటలకే చతికిలబడేవారూ ఉన్నారు. బర్నౌట్‌పై పరిశోధించిన మనస్తత్వవేత్తలు క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లీటర్ చెప్పిన ఆరు కారణాల్లో పనిభారం ఒకటే. నిర్ణయాధికారం, ప్రతిఫలం, తోటివారితో సంబంధాలు, న్యాయం, విలువలు మిగతావి.

ఆ పనిభారాన్నైనా సరిగా కొలుస్తున్నారా? సిబ్బంది సమయం పూర్తిగా నిండితేనే సామర్థ్యమనుకునే మేనేజర్లు క్యూల గణితం, అంటే వరుసలో ఎంతసేపు ఆగాలో చెప్పే లెక్క, చూడాలి. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే చోట ఒకరి సమయం 80 శాతం నిండితే, అతి సరళమైన నమూనాలో కొత్త పని సగటున నాలుగు పనులు పూర్తయ్యేంత సేపు ఆగాలి. 90 శాతానికి అది తొమ్మిది, 95కు పంతొమ్మిది. ఆలస్యమైన ప్రతి పనీ ‘ఎంతవరకు వచ్చింది?’ అనే ఫోన్లను, సమీక్షలను పుట్టిస్తుంది. అవి మిగిలిన కాస్త సమయాన్నీ మింగేస్తాయి. ఉద్యోగేమో తానే మందకొడినయ్యానని నమ్మడం మొదలుపెడతాడు.

కాబట్టి లెక్క పనితోనే మొదలుకావాలి. రెండు వారాలపాటు జట్టుకు వచ్చిన పనులన్నీ రాయించాలి: అనుకున్నవెన్ని, మధ్యలో ఊడిపడ్డవెన్ని, మళ్లీ చేయాల్సి వచ్చినవెన్ని. ఊడిపడేవి మూడో వంతు సమయం తింటుంటే ప్రణాళికలో మూడో వంతు ఖాళీగానే ఉంచాలి. కొత్త పని అప్పగించేవారే దానికోసం ఏ పాత పని ఆపాలో అదే సందేశంలో రాయాలి. నోటిమాటగా చెబితే రెండూ ఉద్యోగి నెత్తినే పడతాయి.

సిబ్బంది ఇబ్బందులు తెలుసుకునేందుకు పెట్టే సర్వేలూ విఫలమవుతుంటాయి. ఐదుగురున్న జట్టు ఫలితాలను విడిగా మేనేజర్‌కు పంపితే ఎవరేం రాశారో ఇట్టే తెలిసిపోతుంది, మరుసటిసారి ఎవరూ నిజం రాయరు. అడిగాక నెలలోపు ఒక్క మార్పైనా చేయలేమనుకుంటే అసలు అడగకపోవడమే నయం. నిద్ర, ఆకలి తప్పి ఇంట్లోనూ దిగులు వీడనివారిని మాత్రం వైద్యుడి దగ్గరకు పంపాలి. అది కుంగుబాటు కావచ్చు, పనిలో మార్పులు ఒక్కటే చాలవు.

ఇక మేనేజర్ల పనితీరు లెక్కించేటప్పుడు పూర్తిచేయించిన పనులతోపాటు, వద్దని ఆపించిన పనులనూ అడగాలి. చాలా ఫారాల్లో ఆ గడే లేదు.