గ్లాసు అడుగున మచ్చ ఉంటే 200 ఏళ్ల నాటిదేనా?

"గ్లాసు అడుగున గరుకు మచ్చ, లోపల బుడగలు, కొంచెం ఊదా రంగు ఉంటే అది 200 ఏళ్ల నాడు అమెరికాలో చేత్తో ఊదిన గాజు సామాను, చాలావరకు స్టీగల్‌దే." ఈ పోస్టు చాలా రోజులుగా తిరుగుతోంది. స్టీగల్ అంటే 1700లలో అమెరికాలో గాజు కార్ఖానా నడిపిన వ్యక్తి. అమెరికాలో పాత సామాన్ల సేల్స్‌కి వెళ్లే మనవాళ్లూ పంచుకుంటున్నారు. దీన్ని నమ్మి డబ్బు పెట్టకండి.

ముందు మచ్చ సంగతి. గొట్టంతో గాజు ముద్దను ఊది గ్లాసు ఆకారం తెచ్చాక కూడా దాని మూతి వైపు గొట్టానికే అతుక్కుని ఉంటుంది. మూతి సరిచేయాలంటే గ్లాసును అవతలి వైపు నుంచి పట్టుకోవాలి. అందుకని ఒక ఇనుప కడ్డీ కొసకు కాస్త వేడి గాజు తీసుకుని, అడుగున అతికించి, గొట్టాన్ని విడగొడతారు. ఆ కడ్డీని పాంటిల్ అంటారు. పని పూర్తయ్యాక దాన్ని తట్టి ఊడదీస్తే మిగిలేది ఈ మచ్చ. వస్తువును ఎలా పట్టుకున్నారో అది చెబుతుంది, ఎప్పుడు చేశారో చెప్పదు. గాజు ఊదేవాళ్లు ఇవాళ్టికీ పాంటిల్ వాడుతున్నారు. పైగా పాతకాలంలోనే మేలురకం గ్లాసులకు ఆ మచ్చను సానబట్టి నున్నగా చేసేవారు. మచ్చ లేదని పక్కన పెట్టేస్తే అసలైనదే చేజారవచ్చు.

బుడగలను ఇప్పుడు కావాలనే తెప్పిస్తున్నారు. ఊదా రంగు గాజులో కలిపిన మాంగనీస్ వల్ల, ఎండ తగిలి వస్తుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టి కూడా తెప్పించవచ్చు.

ఇక స్టీగల్. పెన్సిల్వేనియాలోని మాన్‌హైమ్‌లో హెన్రీ విలియం స్టీగల్ కార్ఖానా 1774లో దివాలా తీసింది. అక్కడి జర్మన్, ఇంగ్లిష్ పనివాళ్లు దిగుమతి సరుకుకు దీటుగా, అదే తీరులో చేశారు. అందుకే తెలిసినవాళ్లు తొందరపడి పేరు పెట్టరు, "స్టీగల్ తరహా" అంటారు. అంతేకాదు, 1930లలో న్యూజెర్సీలో ఎమిల్ లార్సన్ అనే గాజు పనివాడు అదే తరహాలో ఊదాడు. ఆ వస్తువులకే ఇప్పుడు దాదాపు 90 ఏళ్లు.

మేరీల్యాండ్‌లో 1784లో అమెలుంగ్ పెట్టిన న్యూ బ్రెమెన్ కార్ఖానా సంగతి వేరు. అక్కడి కొన్ని కానుక పాత్రల మీద కార్ఖానా పేరు, సంవత్సరం చెక్కి ఉన్నాయి. నేను ఆధారం అనేది అలాంటిదాన్ని. అమ్మేవాళ్లు స్టీగల్ అని ధర చెబితే మచ్చ చూపించమనకండి, అది ఏ ఇంటి నుంచి వచ్చిందో, కాగితాలేమైనా ఉన్నాయో అడగండి.