సిస్టం స్లో అయితే తప్పు సిస్టందేనా?

సిస్టం స్లో అయింది, కొత్తది కొనాల్సిందే. హైదరాబాద్‌లో ఈ మాట వినపడని ఆఫీసు ఉండదేమో. రిపేరుకిస్తే ముందు ఫార్మాట్ కొట్టిస్తారు, తర్వాత ర్యామ్ వేయించమంటారు, ఆఖరికి మదర్‌బోర్డే పాతదైపోయింది సార్ అని తేల్చేస్తారు. అందులో మనం చేసే పని మాత్రం పదేళ్ల కిందటిదే: నాలుగు ఉత్తరాలు టైపు చేయడం, లెక్కలు రాసుకోవడం, మెయిల్ చూసుకోవడం, ఏదో ఫారం నింపి ప్రింట్ తీయడం.

మారిందల్లా సాఫ్ట్‌వేర్. విండోస్ 95కు 4 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్నారు, విండోస్ 11కు కనీసం 4 జీబీ ఉండాలంటున్నారు, అంటే వెయ్యి రెట్లు, అదీ ఏదో నెట్టుకురావడానికే. మెషిన్ల వేగం పెరుగుతున్నదాని కన్నా సాఫ్ట్‌వేర్ బరువు ఎక్కువగా పెరుగుతోందని పాస్కల్ భాష సృష్టికర్త నిక్లాస్ విర్త్ మొత్తుకున్నదీ ఆ 1995లోనే. ఎవరు విన్నారు? ఇవాళ డెస్క్‌టాప్ మీద ఒక చాటింగ్ యాప్ తెరిస్తే చాలాసార్లు దాని వెనక పూర్తి బ్రౌజరే నడుస్తుంటుంది, ఎందుకంటే విండోస్‌కూ మ్యాక్‌కూ, ఉచితంగా దొరికే లినక్స్‌కూ విడివిడిగా రాసే ఓపిక లేక కంపెనీలు ఎలక్ట్రాన్ అనే పనిముట్టుతో ఒకే వెబ్‌పేజీని అన్నిచోట్లా అంటగడుతున్నాయి. ఖర్చు వాళ్లకు తగ్గింది, ర్యామ్ బిల్లు మనకొచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండులా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టూ ఆగింది. శుభ్రంగా నడుస్తున్న ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న సిస్టంలను విండోస్ 11 తన జాబితాలోకే రానివ్వదు.

ఈ గోలలో అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటర్ల గురించి మాట్లాడుకోవాలి. 2012లో 35 డాలర్లకు, 256 ఎంబీ ర్యామ్‌తో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికని వచ్చిన బోర్డు అది. 2023లో వచ్చిన పై 5ను మానిటర్ వెనక బిగించి, లినక్స్ వేసి, రోజువారీ ఆఫీసు పని చేయించొచ్చు. ఒక్క జాగ్రత్త: ఎస్‌డీ మెమరీ కార్డు మీద నడిపితే విసుగొస్తుంది, హార్డ్ డిస్క్ పని చేసే చిన్న ఎస్ఎస్‌డీ తగిలిస్తే సిస్టమే మారినట్టుంటుంది. మామూలు పనిలో పది వాట్లు కూడా లాగదు. మానిటర్ సంగతి పక్కనపెట్టి, వంద వాట్ల పాత సీపీయూ రోజుకు 8 గంటల చొప్పున నెలలో 25 రోజులు నడిస్తే 20 యూనిట్లు, ఇదైతే 2 యూనిట్లు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కీచుమంటుంటే ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

అందరికీ సరిపోతుందని మేం చెప్పం. తెలుగు టైపుకు వాడే అను ఫాంట్లు, పేజీలు పెట్టే పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ సెంటర్లకు విండోస్ లేనిదే పూట గడవదు. (ఆ పేజ్‌మేకర్‌తోనే ఒకప్పుడు 128 ఎంబీ ర్యామ్ సిస్టంలలో పత్రికల పేజీలు పెట్టేవాళ్లు, అది వేరే సంగతి.) వేలిముద్ర మెషిన్లకు, డిజిటల్ సంతకం టోకెన్లకు, కొన్ని ప్రింటర్లకు ఈ బోర్డుల మీద నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరకడం కష్టం.

అసలు అడ్డంకి మాత్రం ప్రభుత్వ వెబ్‌సైట్లే. ఒక సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టే పేజీలో కదిలే బొమ్మలు, నాయకుల ఫొటోలు, స్క్రోలయ్యే ప్రకటనలు ఎందుకు? ఆధార్ నంబరు కొట్టి ఓకే నొక్కేలోపు సిస్టం హ్యాంగయితే జనం తిట్టుకునేది సిస్టంనే. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా లినక్స్ నడుస్తోంది, మన హైదరాబాద్‌లోనే తెలుగులో లినక్స్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ ఉంది, అంటే తేలికైన సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు లేక కాదు. ప్రభుత్వం ఏ వెబ్‌సైట్ చేయించుకున్నా, 4 జీబీ ర్యామ్ ఉన్న చవక మెషిన్ మీద అధికారుల ముందే ఒక దరఖాస్తు మొదటి నుంచి చివరిదాకా నింపించి చూడాలన్న షరతు టెండర్‌లోనే పెట్టాలి. హ్యాంగయితే కాంట్రాక్టర్ బిల్లు ఆపాలి.