కమ్మను వెనక్కి తిప్పి చూడండి

మా జేజి, అంటే నాయనమ్మ, కెంపు కమ్మల్లో ఎడమ చెవిదాని పై రాయి, కుడిదాని పై రాయి కంటే ఒక్క పిసరు పెద్దది. పెట్టుకున్నప్పుడు ఎవరికీ కనపడదు. అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూస్తే తెలుస్తుంది. వెనక్కి తిప్పితే ఇంకా చాలా తెలుస్తుంది. మర దగ్గర టంకం పెట్టిన అతుకు, సన్నటి ఆకురాయి గీతలు, ఒకచోట తీగ కొసను వంచి లోపలికి దోపిన తీరు. ఎప్పుడో మా జేజి పెళ్ళినాడు ప్రొద్దుటూరులో ఎవరో ఒకాయన కుంపటి ముందు కూచుని చేసిన పని అది. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. కమ్మల తూకం ఎంతో మాత్రం అందరికీ తెలుసు.

మా ఊరు అట్లాంటిది. పెన్న ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరును రెండో బొంబాయి అనీ, పసిడిపురి అనీ పిలుచుకుంటారు. పత్తి, బంగారం, ఈ రెండు వ్యాపారాల మీదే పెరిగిన ఊరు. నా చిన్నప్పుడు బంగారు పనిచేసే సందుల్లో పొద్దున్నే చీపుర్లు పట్టుకుని కొందరు వచ్చేవాళ్ళు. అంగళ్ళ ముందర దుమ్ము, కాలవలో మట్టి, కుంపటి బూడిద, దేన్నీ వదిలేవాళ్ళు కాదు. తట్టలకెత్తుకుపోయి నీళ్ళలో జాలించి, అడుగున మెరిసే నలకల్ని ఏరుకునేవాళ్ళు. కోసేటప్పుడు, రాకేటప్పుడు, కరిగించేటప్పుడు పోయే ఆ నలకలకే తరుగు అని పేరు. నిజంగా తరిగిపోయేది అంతే.

ఇప్పుడు బిల్లులో తరుగు అంటే అది కాదు. ఇన్ని శాతం తరుగు అని రాసి, అందులోనే అంగడి అద్దె, యజమాని లాభం, పనివాని కూలి అన్నీ కలిపేస్తున్నారు. మజూరి, అంటే చేతికూలి, అని విడిగా రాసినా మనం బేరమాడేది దాని మీదే. బంగారం ధర రోజూ టీవీలో వస్తుంది కాబట్టి దాని జోలికి పోము. పాత నగ మార్చేటప్పుడు అంగడివాళ్ళు తూకానికే వెల కడతారు, పనికి పైసా రాదు. అట్లా తరాల తరబడి మన లెక్కలో చేతిపని అంటే దండగ ఖర్చు అయిపోయింది. మా జేజి కాసులపేరును చిన్నాయన కూతురి పెళ్ళికి కరిగించినప్పుడు ఇంట్లో ఒక్కరు కూడా బాధపడలేదు. బంగారం ఎక్కడికి పోతుంది, గాజులై వచ్చింది కదా అనుకున్నారు. ఆ గాజుల్లాంటివి ఇప్పుడు ఏ ఊరి అంగట్లోనైనా దొరుకుతాయి. ఆ కాసులపేరు ఇంకెక్కడా దొరకదు.

విదేశాల్లో ఉన్న మనం రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్లో నగలు చూస్తాం. ఇన్‌స్టాగ్రామ్‌లో, ఎట్సీలో, వాట్సాప్ గ్రూపుల్లో, ఎక్కడ చూసినా చేతిపని, ఒకే ఒక్క పీసు అనే మాటలే. నేనూ నమ్మాను. రెండేళ్ళ కిందట వెండి మీద బంగారు పూత వేసిన లక్ష్మీదేవి పతకం ఒకటి అట్లాగే కొన్నాను. ఉగాదికి మన సంఘం పండగలో ఒక అక్క మెడలో అదే పతకం! దగ్గరికి పోయి చూస్తే అమ్మవారి ఎడమ చెవి పక్కన సూదిమొన అంత గుంట. నా దాంట్లోనూ సరిగ్గా అక్కడే, అంతే గుంట. రెండు నగల్లో ఒకే తప్పు ఒకే చోట ఉందంటే రెండూ ఒకే అచ్చులో పోసినవన్నమాట. పోతపని పాపం కాదు, దానికి తగిన ధరకు దాన్ని పోతపని అని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చెయ్యి తగలని వస్తువును చేతిపని అని అమ్మడం వల్ల నిజంగా చేత్తో చేసేవాని బతుకు పోతుంది. అందుకే నాకు కోపం. అమ్మినవాళ్ళకు మూడుసార్లు మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు.

అప్పటి నుంచి ముందువైపు ఫోటో చూసి కొనడం మానేశాను. వెనకవైపు చూపించమంటాను. పగటి వెలుతురులో మెల్లగా తిప్పుతూ వీడియో తీయమంటాను. స్టూడియో దీపాల కింద ప్రతి రాయీ కెంపులాగే ఉంటుంది. చేతిపనిలో అతుకులు, గీతలు, రెండు వైపులా రవ్వంత తేడా ఉంటాయి, అవి లేకపోతే నాకు అనుమానం. తర్వాత త్రాసు మీద పెట్టి చూపించమంటాను. మొత్తం తూకం వేరు, రాళ్ళు తీసేసిన తూకం వేరు. రెండూ బిల్లులో ఉండాలి. లేదంటే గాజురాళ్ళకు కూడా బంగారం ధర కట్టిన వాళ్ళమవుతాం. ఇది మన ఆడవాళ్ళు ఎంతోమంది మోసపోయిన చోటు.

ఇంక హాల్‌మార్క్, అంటే బంగారం స్వచ్ఛతకు వేసే ముద్ర, సంగతి. భారతదేశంలో 2021 జూన్ 16 నుంచి దశలవారీగా బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్, అంటే ఒక్కో నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉంటేనే అమ్మాలన్నారు. ఇరవై రెండు క్యారెట్లదైతే 22కె916 అని ఉంటుంది, అంటే నూటికి 91.6 పాళ్ళు బంగారం. ఆ కోడ్‌ను ఈ ముద్రల్ని చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత, నమోదైన అంగడి వివరం వస్తాయి. డబ్బు పంపే ముందే కోడ్ కనపడేలా దగ్గరి ఫోటో అడగండి. అయితే రెండు గ్రాముల లోపు వస్తువులకు, కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్ళు పొదిగిన సంప్రదాయ నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మనం చేతిపని అని మోజుపడేవాటిలో ఎన్నో ఆ కోవకే వస్తాయి. కోడ్ లేదని అక్కడ మోసమనుకోనక్కర లేదు గానీ, కోడ్ లేని చోట బిల్లులో రాసిన మాటే దిక్కు. బంగారం ఎన్ని క్యారెట్లు, రాళ్ళు అసలువా, గాజా, వెనక రేకు ఉందా, అన్నీ రాయించుకోవాలి. ఒక్క విషయం గమనించండి: ఆ కోడ్ అంగడి పేరు చెబుతుంది, చేసినవాని పేరు చెప్పదు.

పార్సిల్ గురించి ఒక్క మాట. అమెరికాలో 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు. సుంకం ఎవరు కట్టాలో, పార్సిల్ పోతే బీమా ఎవరిదో ముందే మాట్లాడుకోండి. చెప్పి చేయించుకున్న నగను వెనక్కి తీసుకోరు, అది న్యాయమే.

ఇంక ధర. గంటకింత అని లెక్కగట్టి జీతం తీసుకునే మనమే, ఒకాయన పన్నెండు రోజులు కళ్ళు చిట్లించి రాళ్ళు పొదిగితే ఆ కూలిలోనే కోత పెడతాం. తరుగు ఎంత శాతం అని అడగడం మానేసి, ఎన్ని రోజుల పని, రోజుకు ఎంత అనుకుంటున్నారు అని అడగండి. ఆ ప్రశ్నకు దళారి నీళ్ళు నములుతాడు. పనివాడు వెంటనే చెబుతాడు. చెప్పిన దాంట్లో తగ్గించమని అడగకండి. మనకు ఆ అవసరం లేదు.

కొన్న తర్వాత సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. కళ్ళద్దాలు కడిగే చిన్న అల్ట్రాసోనిక్ మిషన్ ఇంట్లో ఉంటే, జేజి కమ్మల్ని అందులో గోరువెచ్చని సబ్బునీళ్ళలో వేశాను. బయటికి తీసేసరికి రెండు కెంపులు చింతగింజ రంగుకు తిరిగాయి. పాతకాలం కెంపు నగల్లో రాయి వెనక మూసేసి ఉంటుంది, లోపల తళుకు రేకు పెడతారు. ఆ రేకు వల్లే రాయికి ఆ ఎర్రటి వెలుగు. నీళ్ళు లోపలికి పోతే రేకు నల్లబడుతుంది. ఇక్కడి నగల అంగడివాళ్ళు చూసి, మా వల్ల కాదన్నారు. ఊరికి పోతున్న పిన్నమ్మకిచ్చి పంపాను. ఆమె వెతికి పట్టుకున్న ఆచారి గారు రాళ్ళు ఊడదీసి, కొత్త రేకు పెట్టి, మళ్ళీ బిగించారు. వీడియో కాల్‌లో నాకు చూపిస్తూ, "నీళ్ళు తగలనీయొద్దు తల్లీ. పెట్టుకుని తీసినంక మెత్తని గుడ్డతో తుడిచి పెట్టేయండి, సాలు. దీనికి మిషన్లు ఏం పనిల్యా" అన్నారు.

రాళ్ళు లేని ఉత్త బంగారానికి కుంకుడు రసం ఇప్పటికీ మంచిదే, మెత్తని బ్రష్‌తో రుద్ది కడిగేయొచ్చు. టూత్‌పేస్ట్ వద్దు, గీతలు పడతాయి. ముత్యాలకు సెంటు, పులుపు, చెమట, మూడూ పడవు. అందుకే ముస్తాబంతా అయ్యాక చివర పెట్టుకుని, ఇంటికి రాగానే మొదట తీసేయాలి. ముత్యాల దండ దారం కొన్నేళ్ళకొకసారి మార్పించాలి. పచ్చలకు సాధారణంగా నూనె పట్టించి ఉంటుంది, వేడినీళ్ళలో వేస్తే ఆ నూనె పోయి లోపలి చీలికలు బయటపడతాయి. వెండి నగల చెక్కడంలో కావాలని వదిలిన నలుపును మురికి అనుకుని తోమేస్తే పనితనమే పోతుంది. ఈతకొలను నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది అతుకుల్ని తినేస్తుంది. పూత నగలైతే పూత కొన్నాళ్ళకు పోయేదే, మళ్ళీ వేయించుకోవచ్చు. దేనికది విడి గుడ్డసంచిలో పెట్టండి. ఇంటి బీమాలో నగల దొంగతనానికి ఇచ్చే సొమ్ము చాలా పాలసీల్లో 1500 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది, విలువైనవాటిని విడిగా రాయించుకోవాలి.

అన్నిటికంటే ముందు, పెట్టుకోండి. పెట్టుకుంటేనే మర వదులైంది, రాయి కదిలింది అని తెలుస్తుంది, తెలిస్తేనే బాగుచేయించుకుంటాం. లాకర్లో ముప్పై ఏళ్ళున్న నగ చివరికి కరిగించడానికే బయటికొస్తుంది.

పోయిన దసరాకు అదే ఆచారి గారితో మా అమ్మాయికి కమ్మలు చేయించాను. వాళ్ళబ్బాయి ఫోన్లో రోజూ ఫోటో పెట్టేవాడు. మూసలో కరిగిన బంగారం, కమ్మచ్చు బెజ్జాల్లోంచి సన్నగా లాగిన తీగ, ఒక్కొక్క రాయికీ గూడు. అంతా అయ్యాక ఆచారి గారే చెప్పారు: "అమ్మా, రెండూ అచ్చం ఒకే మాదిరి లేవు. కుడిదాంట్లో కింది పువ్వు రవ్వంత వంగింది. వద్దంటే చెప్పండి, మార్చిస్తా." వద్దు, అట్లాగే ఉంచండి అన్నాను. డబ్బుతో పాటు ఒక కోరిక కోరాను. తూకం, క్యారెట్లు, రాళ్ళ లెక్క, తేదీతో పాటు తన పేరు కూడా రాసి, కాగితం డబ్బాలో పెట్టమని.

"నా పేరు దేనికమ్మా, అంగడి పేరుంది గదా" అన్నారు. రెండుసార్లు అడిగితే ఒప్పుకున్నారు. పార్సిల్ విప్పి చూస్తే కాగితం మీద నీలం సిరాతో తన పేరు రాసి, దాని కింద వాళ్ళ నాయన పేరు కూడా రాశారు.