గద్ద గూట్లో నా కర్చీఫ్

ముందే చెప్పేస్తున్నా, ఈ సీజన్‌లో నేను తీసిన గద్ద ఫొటోలన్నిట్లోనూ గూటి అంచున తెల్లగా కనపడేది చెత్త కాదు, ప్లాస్టిక్ కవరూ కాదు, అది నా కర్చీఫ్. మూలన ఎర్ర దారంతో మా ఆవిడ కుట్టిన నా పేరు మొదటి అక్షరం కూడా ఉంది, జూమ్ చేస్తే చదువుకోవచ్చు. నిజానికి జూమ్ కూడా అక్కర్లేదు.

జరిగిందేంటంటే, మా మేడకి ఎదురుగా ఉన్న పెద్ద చెట్టు మీద గద్దల జంట గూడు కట్టడం మొదలెట్టింది. మామూలుగా గద్ద గూడంటే కింద నించుని మెడ పట్టేసేదాకా పైకి చూడ్డమే, పుల్లల అడుగు తప్ప ఏం కనపడదు. ఇక్కడేమో మేడెక్కితే గూడు కళ్ళకి తిన్నగా, ఇంకా మాట్లాడితే కాస్త కిందకే ఉంది, మధ్యలో ఓ నలభై మీటర్ల ఖాళీ, చేతిలో ఆరొందల ఎంఎం లెన్స్, ఇంకేం కావాలి. పుల్ల తెచ్చిన దగ్గర్నించీ పిల్లలెగిరేదాకా వరసగా తీసెయ్యాలని ట్రైపాడ్ మెట్లగది నీడలో పెట్టా, షట్టర్ సౌండ్ ఆపేశా, ఆకుల రంగు చొక్కా ఒకటి వెతికి వేసుకున్నా. గద్ద ఇవేవీ ఖాతరు చెయ్యలేదు, మొదటి రోజే నా వైపు ఒకసారి తల తిప్పి చూసి వీడెవడో ఖాళీగా ఉన్నాడని తేల్చేసుకుంది.

ఎండకి చెమటలు కారిపోతుంటే మొహం తుడుచుకుని కర్చీఫ్ ట్రైపాడ్ హ్యాండిల్ మీద ఆరేశా. అంతలో బ్యాటరీ అయిపోయింది, సరే మారుద్దామని బ్యాగ్ మీదకి వంగా. తల మీంచి ఒక్కసారి గాలి కొట్టింది. లేచి చూసేసరికి గద్ద నా కర్చీఫ్ కాళ్ళతో పట్టుకుని, రెక్కలు నిండా చాపి, ఎండ సరిగ్గా మొహం మీద పడుతుండగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో తాపీగా పోతోంది. చీలిన తోక అటూ ఇటూ చుక్కానిలా తిప్పుకోవడం కనపడుతోంది, గోళ్ళ మధ్య నలిగిన ఎర్ర అక్షరం కనపడుతోంది. జన్మకోసారి దొరికితే చాలనుకునే షాట్. నా ఎడం చేతిలో ఖాళీ బ్యాటరీ, కుడి చేతిలో నిండు బ్యాటరీ, కెమెరాలో ఏమీ లేదు.

పక్కింటి బాబాయిగారు (సొంత బాబాయి కాదు, రిటైరయ్యాక మా మేడకి దత్తతొచ్చినాయన) విషయం తెలిసి వెంటనే రంగంలోకి దిగారు. "ఓ పొడుగు కర్రకి కొక్కెం కట్టి లాగేద్దామా అబ్బాయ్?" అన్నారు. వద్దు బాబాయ్, ఇప్పుడు గూటి జోలికెళితే అవి గూడు వదిలేసి పోతాయి, గుడ్లు పెట్టాకయితే తల్లి లేచిన కాసేపట్లో కాకులు దిగిపోతాయి అని చెప్పా. "అయితే మీ కర్చీఫ్?" అన్నారు. దానిదే బాబాయ్ అన్నా. ఆయన నన్ను చాలా జాలిగా చూశారు.

తర్వాత కూర్చుని చదివితే తేలిందేంటంటే ఇది దొంగతనం కూడా కాదు, హోదా వ్యవహారం. స్పెయిన్‌లో దోన్యానా నేషనల్ పార్క్‌లో నల్ల గద్దల మీద చేసిన ఒక పరిశోధన 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది. గుడ్లు పెట్టబోయే ముందు ఇవి గూటిని ప్లాస్టిక్ ముక్కలతో అలంకరిస్తాయట, అందులోనూ తెల్లవంటే మరీ మోజట, మంచి వయసులో ఉండి బలంగా ఉన్నవే ఎక్కువ పెడతాయట, మరీ కుర్రవీ మరీ ముసలివీ పెద్దగా పెట్టవట. అంటే మిగతా గద్దలకి ఇటు రావద్దని బోర్డన్నమాట. లేని గొప్పకి పోయి బోర్డు పెద్దది పెడితే తన్నులాటకొచ్చేవాళ్ళు కూడా పెరుగుతారు, అందుకే పరిశోధకులు కావాలని అదనంగా ప్లాస్టిక్ పెట్టినా కొన్ని గద్దలు దాన్ని తీసి పారేశాయి. మన జంట మాత్రం కర్చీఫ్‌ని అందరికీ కనపడేట్టు గూటి అంచుకి లాగి మరీ పెట్టుకుంది. లోపల పరుచుకున్నా నాకింత బాధ లేకపోయేది.

ఎందుకంటే అసలు కష్టాలు అక్కణ్ణించే మొదలయ్యాయి. గద్ద ముదురు గోధుమరంగు, కర్చీఫ్ తళతళా తెలుపు, రెండూ పక్కపక్కనే. గద్ద ఈకలు కనపడేట్టు ఎక్స్‌పోజర్ (అంటే ఫొటోకి ఎంత వెలుతురు అన్న లెక్క) పెడితే కర్చీఫ్ ట్యూబ్‌లైట్ అయిపోతుంది, కెమెరా సొంత తెలివికి వదిలేస్తే అది కర్చీఫ్‌ని కాపాడాలని మొత్తం చీకటి చేసి గద్దని బొగ్గు చేస్తుంది. ఆటోఫోకస్‌ది ఇంకో గోల, దానికి కాంట్రాస్ట్ ఎక్కడుంటే అక్కడే ప్రాణం, కాబట్టి మాటిమాటికీ వెళ్ళి ఆ ఎర్ర దారం మీద వాలేది. పొదిగే కాలం మొత్తం, అంటే సుమారు నెల, ఆడపక్షి తోక నా వైపు పెట్టి కూర్చుంది, మగది ఎప్పుడో ఒకసారి తిండి తెచ్చి ఇలా ఇచ్చి అలా పోయేది. వెరసి నా దగ్గరున్నవి గద్ద తోకలు, కుట్టుపని క్లోజప్‌లు. వైట్ బ్యాలెన్స్‌కి, అంటే తెలుపుని చూసి మిగతా రంగులు సరిచేసుకోడానికి, పనికొచ్చిన మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఓ రాత్రి ల్యాప్‌టాప్‌లో చూసుకుంటుంటే మా ఆవిడ వెనకనించి వచ్చింది. "ఏవండీ, అది నేను కుట్టిన సెట్లోది కదూ?"

"గాలికి ఎగిరిపోయిందే."

"గాలి మడతపెట్టి గూట్లో కూడా పెట్టిందా?"

పిల్లలు బయటికొచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నా, రెండు తెల్లటి దూది ఉండలు, ఒకటి ముందు పుట్టింది కాబట్టి పెద్దది, అదే ముందు తినేది. తల్లి మాంసం చిన్న చిన్న ముక్కలుగా చీల్చి నోటికందిస్తుంటే, ఆహా ఇదీ ఫొటో అంటే అని బటన్ నొక్కి పట్టుకున్నా. ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫ్రేములోనూ తల్లి కళ్ళు పాలిపోయి దయ్యం కళ్ళల్లా ఉన్నాయి. పక్షులకి అడ్డంగా కదిలే మూడో రెప్ప ఒకటుంటుంది, పిల్లలు ముక్కుతో కంట్లో పొడవకుండా తినిపించేటప్పుడు అది మూసేసుకుంటుంది. తల్లికి మంచిదే, నా ఫొటోలకే శని.

ఇదే టైములో గద్దకి కోపం కూడా పెరిగింది. మేడ పిట్టగోడ దగ్గరికి ఎవరొచ్చినా వెనకనించి వచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చి పోయేది, ఎప్పుడూ వెనకనించే, ఎదురుగా వస్తే కనీసం ఫొటో అన్నా వచ్చేది. సరే దానికి అంత ఇబ్బందయితే మనమే జరుగుదామని ట్రైపాడ్ మెట్లగది లోపలికి లాక్కుని తలుపు సందులోంచి తీయడం మొదలెట్టా. బాబాయిగారు మాత్రం బకెట్ నెత్తిన బోర్లించుకుని వచ్చి, లోపల్నించి గుహలోంచి వచ్చే గొంతుతో "ఎగిరిందా?" అని రోజూ అడిగేవారు.

ఇక ఎగరడం సంగతి. పక్షులు ఫొటోలు తీసేవాళ్ళందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది, ఎగిరే ముందు పక్షి బరువు దించుకుంటుంది, అంటే తోకెత్తి రెట్ట వేసిందంటే వేలు బటన్ మీద పెట్టుకో అని. నేను షట్టర్ స్పీడ్ రెండు వేలో వంతు పెట్టుకుని రెడీ. గద్ద పిల్లల పద్ధతేంటంటే గూడు పాడవకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ అంచుకొచ్చి, తోకెత్తి, బయటికి చిమ్ముతాయి. అది రోజంతా జరిగే కార్యక్రమం. తోకెత్తినప్పుడల్లా నేను టపటపా నొక్కడం, అది పని కానిచ్చి మళ్ళీ వెళ్ళి పడుకోవడం, నా కార్డ్ నిండిపోవడం. ఆ అంచునే కదా కర్చీఫ్ ఉంది, దాని తెలుపూ పోయింది, అక్షరమూ పోయింది, ఆ తర్వాత ఎక్స్‌పోజర్ బ్రహ్మాండంగా కుదిరింది.

ఆరేడు వారాలకి పిల్లలు ఈకలు దిద్దుకుని పక్క కొమ్మ మీదకి గెంతడం మొదలెట్టాయి. పెద్దది గాలికి ఎదురుగా నించుని రెక్కలు ఆడిస్తోంది. తోకెత్తింది. ఇన్నాళ్ళూ చూశాం కదా దీని సంబడం అని నేను కార్డ్‌లో పాతవి చెరిపేస్తూ కూర్చున్నా. బకెట్‌లోంచి కేక వినపడింది, "అబ్బాయ్, పోయింది!" తలెత్తేసరికి కొమ్మ ఊగుతోంది అంతే.

బాబాయిగారు ఫోన్లో వీడియో తీశారు. బకెట్ అంచు సగం అడ్డం, ఆయన వేలు ఇంకో పావు, మిగిలిన పావులో పిల్లగద్ద కొమ్మ వదిలి, ఒకసారి కిందకి జారి, రెక్కలు అందుకుని పైకి లేవడం మొత్తం ఉంది. అది ఇప్పుడు మా చుట్టాల గ్రూపులన్నిట్లో తిరుగుతోంది, ఆయన్ని పెద్ద ఫొటోగ్రాఫర్ అంటున్నారు. మొన్న నా దగ్గరికొచ్చి, "ఇంకొంచెం క్లియర్‌గా రావాలంటే ఏ లెన్స్ కొనమంటావ్ అబ్బాయ్?" అన్నారు. నాదే తీసుకోండి బాబాయ్ అన్నా. సగానికి అడుగుతున్నారు, ట్రైపాడ్ కూడా కలిపి.