తేడాకి కారణం: ఇతరములు

ఉమ్మడి నల్గొండలో గానీ, ఉమ్మడి పాలమూరులో గానీ ఏ డిగ్రీ కాలేజీ ఆఫీసు గదిలోకైనా వెళ్లి ఫీజు డబ్బులు ఎప్పుడొస్తాయని అడగండి. ఒకటే జవాబు. "తేడా వస్తోంది సార్." ఎంత తేడా, దేనికీ దేనికీ తేడా అని అడిగారంటే మిమ్మల్ని అమాయకుల కింద జమకట్టి కుర్చీ చూపిస్తారు. కాలేజీ చెప్పే పిల్లల లెక్క, సర్కారు దగ్గరున్న పిల్లల లెక్క కలవడం లేదు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిందట. లెక్క కలవగానే పడుతుందట. ఈ మాట ఎంత గంభీరంగా చెబుతారంటే, నోట్ల కట్టలు పేర్చుకుని, తాళంచెవి చేత్తో పట్టుకుని, మిర్యాలగూడ నుంచి ఆ ఒక్క ఎక్సెల్ షీటు రావడమే ఆలస్యం అని ఆర్థిక శాఖ మొత్తం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోందేమో అనిపించి మనకే సిగ్గేస్తుంది.

కాబట్టి ముందు ఈ లెక్క గొప్పతనం తెలుసుకోవాలి. మన దగ్గర డిగ్రీ చదివే ఒక్క పిల్లని ఎంతమంది లెక్కపెడతారో చూడండి. చేరేటప్పుడు దోస్త్ లెక్కపెడుతుంది, 2016 నుంచి ఆ వెబ్‌సైటే దిక్కు. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్ లెక్కపెడుతుంది. పరీక్ష ఫీజు కట్టగానే యూనివర్సిటీ లెక్కపెడుతుంది, నల్గొండ వైపైతే మహాత్మాగాంధీ, ఇటు వైపైతే పాలమూరు. ఢిల్లీ వాళ్లు ఊరుకుంటారా, ఐషీ అని ఒక సర్వే పెట్టి 2010-11 నుంచి దేశంలో కాలేజీకెళ్లే ప్రతి ఒక్కరినీ ఏటా లెక్కపెడుతున్నారు. ఇవన్నీ పోగా హాజరు లెక్క ఒకటి, 75 శాతం దాటకపోతే స్కాలర్‌షిప్ రాదు. పిల్ల మాత్రం ఒక్కతే. కన్నతల్లి కూడా ఆమెను ఇన్నిసార్లు లెక్కపెట్టుకుని ఉండదు.

పోనీ అందరూ ఒకే రోజు లెక్కపెడతారా అంటే అదీ లేదు. ఐషీ వాళ్లకి మామూలుగా సెప్టెంబరు 30 నాటికి ఎంతమంది ఉన్నారో కావాలి. దోస్త్ విడతలు విడతలుగా నడుస్తుంది, చివరి విడత అయిపోయాక ప్రత్యేక విడత ఉంటుంది. పరీక్షల జాబితా సెమిస్టర్ చివర్లో తయారవుతుంది, ఫైన్‌తో కట్టేవాళ్లు దానికింకా తర్వాత. ఇక ఈపాస్ గడువు సంగతి మీకు తెలిసిందే, అది ముగియడం ఎవరూ చూళ్లేదు, పొడిగించడమే చూశారు. పైగా ఐషీకి చేరిన ప్రతివాళ్లూ కావాలి, ఈపాస్‌కి ఆదాయ పరిమితికి లోబడి దరఖాస్తు పెట్టినవాళ్లే కావాలి, యూనివర్సిటీకి పాత బ్యాక్‌లాగులు రాసేవాళ్లతో సహా పరీక్ష కట్టిన వాళ్లంతా కావాలి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషుల్ని, వేర్వేరు అవసరాల కోసం లెక్కపెట్టి అంకెలన్నీ ఒకటే ఎందుకు రాలేదని అడుగుతున్నారు. నిజానికి అన్నీ ఒకటే వస్తే అప్పుడు విచారణ వేయాలి.

ఇంత జ్ఞానం ఉన్న వ్యవస్థ ఏం చేసింది? ఫార్మాట్ పంపింది. వాట్సాప్ గ్రూపులో, మధ్యాహ్నం భోజనం వేళకి, సాయంత్రం 4 లోపు నింపి పంపవలెను, ప్రిన్సిపాళ్లు వ్యక్తిగత శ్రద్ధ తీసుకోవలెను, నిల్ రిపోర్ట్ అయినా సరే. అదే ఐషీ 2021-22 నివేదిక బయటికొచ్చింది 2024 జనవరిలో. ఆ లెక్కలో ఫైనలియర్‌లో ఉన్న పిల్ల అప్పటికి డిగ్రీ ముగించి, టీసీ కోసం తిరిగి, విసిగిపోయి, చంకన బిడ్డతో బస్టాండులో నిలబడి ఉంటుంది. అయినా తొందరంతా కాలేజీ గుమాస్తాకే.

ఆ సాయంత్రం ఒక కాలేజీలో ఏం జరుగుతుందో చెబుతాను. బీకాం రెండో సంవత్సరం అనుకుందాం. దోస్త్ ప్రకారం 62 మంది, ఐషీలో 58, ఈపాస్‌లో 51, పరీక్షల జాబితాలో 64 అనుకోండి. సీనియర్ అసిస్టెంట్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చుంటాడు. ఎదురుగా కంప్యూటర్ ఆపరేటర్, కాంట్రాక్టు కుర్రాడు, జీతం పడి ఎంత కాలమైందో అడక్కండి, అది కూడా ఈ ఫీజు మీదే ఆధారపడి ఉంది.

"అరవై నాలుగెట్ల అయితరు? చేరిందే అరవై రెండు కదా!"

"బ్యాక్‌లాగులు సార్, పోయినేడాది పిల్లలు."

"తీసెయ్."

"తీసేస్తె యూనివర్సిటీ జాబితాకి తేడా వస్తది సార్."

"అయితే ఉంచు."

"ఉంచితే దోస్త్‌కి తేడా వస్తది."

ఇలా కాదని ఒక్కో పేరూ పట్టుకుంటారు. ఒకమ్మాయికి దసరా సెలవుల్లో పెళ్లయింది, అత్తగారి ఊరి నుంచి పరీక్షలకు మాత్రం వస్తుంది. ఒకడు హైదరాబాదులో బండి మీద తిండి పార్సిళ్లు అందిస్తున్నాడు, ఇంటర్నల్స్ రాయడానికి రాత్రి బస్సెక్కి వస్తాడు. ఒకరి అమ్మానాయినా బొంబాయి పోయారు, చెల్లెల్ని చూసుకోవడానికి పిల్ల ఇంటి దగ్గరే ఉండిపోయింది. నలుగురు పత్తి ఏరుతున్నారు, ఆ కూలి డబ్బులతోనే పరీక్ష ఫీజు కట్టాలి, ఏరడానికి పోతే హాజరు 75 కింద పడుతుంది, పోకపోతే పరీక్షల జాబితాలో పేరే ఉండదు. ఒకడు బీకాం నుంచి బీఏకి మారాడు, ఆ సంగతి వాడికి తెలుసు, కాలేజీకి తెలుసు, దోస్త్‌కి తెలియదు. ఇంకొకరికి ఆధార్‌లో మహబూబ్‌నగర్ జిల్లా, ఆదాయం సర్టిఫికెట్‌లో నారాయణపేట జిల్లా. ఆ కుటుంబం గడప దాటలేదు, 2019లో జిల్లానే వాళ్ల మీదుగా కదిలి వెళ్లింది.

తర్వాత లక్ష్ములు వస్తారు. ఎక్స్ పెట్టి రాసిన లక్ష్మి టెన్త్ మెమోలో ఉంది, కేఎస్‌హెచ్ పెట్టి రాసిన లక్ష్మి ఆధార్‌లో ఉంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, బ్యాంకు పాసుబుక్కులో అసలు లేదు. ఇద్దరా, ఒక్కరా అని అరగంట చర్చ. చాయ్ తెచ్చిన అటెండర్ తొంగి చూసి, "ఇద్దరేంది సార్, ఒక్కతే, మా ఊరి పిల్లనే, పొద్దున గడియారం సెంటర్ల బస్సు దిగి నడుసుకుంట వస్తది, నిన్న గూడ జూసిన" అంటాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ పిల్లని కళ్లారా చూసిన సాక్షి ఆయనొక్కడే. ఆయన మాట రాయడానికి ఫార్మాట్‌లో కాలమ్ లేదు.

ఉన్న కాలమ్ ఒకటే, చిట్టచివరిది, "తేడాకి కారణం". దాని మీద నొక్కితే ఒక చిన్న జాబితా జారుతుంది: చదువు మానేశారు, మరణించారు, ఇతరములు. పెళ్లయిన పిల్ల మానేయలేదు, చావలేదు, కాబట్టి ఇతరములు. పత్తి చేలోని నలుగురూ ఇతరములు. బొంబాయి ఇతరములు, బండి మీద పోయే కుర్రాడు ఇతరములు, లక్ష్మి ఇద్దరైనా ఒక్కరైనా ఇతరములే. దేవరకొండ నుంచి గద్వాల దాకా మన బతుకు బతుకంతా ఆ ఒక్క గడిలో పట్టేసింది, చూడ ముచ్చటగా ఉంది.

రాత్రి పదకొండుకి సీనియర్ అసిస్టెంట్‌కి జ్ఞానోదయమవుతుంది. అన్నింటిలో తక్కువ అంకె ఏది? ఈపాస్, 51. అన్ని గడుల్లోనూ 51 కొట్టించేస్తాడు. తేడా సున్నా. పదకొండు మంది పిల్లలూ ఇద్దరు బ్యాక్‌లాగులూ గాల్లో కలిసిపోయారు గానీ షీటు పచ్చగా మెరుస్తోంది, ఎక్కడా ఎర్ర గడి లేదు, ఇంటికెళ్లి హాయిగా పడుకుంటారు. పొద్దున్నే ఫోన్. "ఏందండీ, మీ కాలేజీ లెక్కలన్నీ ఒకటే ఉన్నయి? అనుమానంగా ఉంది, ఫిజికల్ వెరిఫికేషన్‌కి వస్తున్నం, భోజనం ఏర్పాట్లు చూడండి."

దొంగ అడ్మిషన్లు చూపించి తిన్న కాలేజీలు లేవా అంటారు. ఉన్నాయి. పిల్లల సర్టిఫికెట్లు పోగేసి, హాజరు వాళ్లే వేసుకుని, అద్దె గదికి బోర్డు తగిలించి నడిపిన వాళ్లని ఈ జిల్లాల్లో అందరం చూశాం, వాళ్ల మీద నాకేమీ జాలి లేదు. కానీ ఒక్కటి గమనించారా, దొంగ కాలేజీ లెక్క ఎప్పుడూ తప్పదు. లేని పిల్లకి పెళ్లి కాదు, లేని పిల్ల పత్తికి పోదు, లేని పిల్ల పేరు అన్నిచోట్లా ఒకటే స్పెల్లింగ్. ఈ సరిపోల్చే యంత్రంలో ఇరుక్కునేది ఎప్పుడూ నిజంగా ఉన్న పిల్లలే.

సరే, అన్నీ కలిశాయనే అనుకుందాం. డబ్బు పడుతుందా? ఇక్కడే మీరు ప్రభుత్వ ఆర్థిక శాస్త్రం నేర్చుకోవాలి. బడ్జెట్‌లో పెట్టడం వేరు, విడుదల ఉత్తర్వు ఇవ్వడం వేరు, ట్రెజరీలో బిల్లుకి టోకెన్ పడటం వేరు, ఖాతాలో డబ్బు పడటం వేరు. మొదటి మూడూ ఇస్తారు. బడ్జెట్‌లో పెట్టిన రోజు ఒక వార్త, ఉత్తర్వు ఇచ్చిన రోజు ఒక వార్త, టోకెన్లు ఇచ్చిన రోజు "నిధులు విడుదల" అని మళ్లీ వార్త. ఒకటే డబ్బు మూడుసార్లు విడుదలై ఒక్కసారి కూడా రాకపోవడం మన దగ్గరే సాధ్యం. టోకెన్ అంటే గుళ్లో టోకెన్ అనుకునేరు, అక్కడ లైను కదులుతుంది. 2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం భారీగా మొదలుపెట్టిన పథకం ఇది, ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ మా పథకమే అంది, బకాయి మాత్రం పాతవాళ్లది అంది. వేల కోట్లకి చేరాక 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి, కొంత ఇస్తామన్నాక తెరిచాయి. ఆ బకాయి మొత్తం ఎంత అన్న దాని మీద కూడా మేనేజ్‌మెంట్లది ఒక మాట, సర్కారుది ఒక మాట. ఆ తేడాకి కారణం ఎవరూ సాయంత్రం 4 లోపు పంపనక్కర్లేదు.

ఎస్సీ పిల్లల సంగతి ఇంకో రకం. 2020 డిసెంబరులో కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ని తనకి 60 శాతం, రాష్ట్రానికి 40 శాతం అని వాటాలు చేసి, తన వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోనే వేయాలంది. వినడానికి బాగుంది. ఏ ఖాతాలో? ఆధార్‌కి చివరగా ముడిపడిన ఖాతాలో. అది ఎప్పుడో సిమ్ కార్డు కొన్నప్పుడు దుకాణంలో వేలిముద్ర వేస్తే తెరుచుకున్న ఖాతా అయి ఉండొచ్చు, ఆ సిమ్ ఇప్పుడు లేకపోవచ్చు. కాలేజీ వాళ్లేమో "నీకు పడిందట, తెచ్చి కట్టు" అంటారు. పిల్లేమో "నాకు పడలె సార్" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతారు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇప్పుడు టీసీ దగ్గరికొద్దాం, ఇక్కడ నాకు నవ్వు రాదు. డిగ్రీ అయిపోయింది, బీఈడీలోనో పీజీలోనో సీటొచ్చింది, ఒరిజినల్స్ కావాలి. సర్కారు మాకివ్వలేదు కాబట్టి నువ్వు కట్టి తీసుకెళ్లు అంటుంది కాలేజీ. సర్టిఫికెట్లు ఆపొద్దని పైనుంచి హెచ్చరికలు వస్తూనే ఉంటాయి, బాకీ ఉన్నవాడు ఇచ్చే హెచ్చరికని ఎవడు లెక్కచేస్తాడు? ఇది ఎవరి బాకీ? పిల్ల బాకీ కాదు, సర్కారూ, నీది. ఆమె నీ ఆదాయం సర్టిఫికెట్ తెచ్చింది, కులం సర్టిఫికెట్ తెచ్చింది, మీసేవలో వేలిముద్ర వేసింది, హాజరు నింపింది, పాసయింది, మాటిచ్చింది నువ్వు, తప్పింది నువ్వు, ఆఫీసు గది బయట నిలబడి బతిమాలుతున్నది మాత్రం ఆమె అమ్మ. "సారూ, జెర చూడున్రి, కౌన్సెలింగ్ రేపే ఉన్నదట." సిగ్గుండాలి. గుమాస్తాకి కాదు, ఆయనా పైవాళ్లకి జవాబు చెప్పుకోలేక చస్తున్నాడు. జీవోలు తీసి, టోకెన్లు గుద్ది, ఆఖరికి ఎక్సెల్ షీటులో ఎర్ర గడి చూపించి ఇదిగో కారణం అని తప్పుకునేవాళ్లకి ఉండాలి.

ఆ తల్లి ఏం చేస్తుందో మనకి తెలుసు. మహిళా సంఘంలో లోను ఎత్తుతుంది. ఫీజు కట్టి, టీసీ తీసుకుని, పిల్లని బస్సెక్కించి, నెలనెలా కిస్తీ కడుతుంది. ఏళ్ల తర్వాత సర్కారు డబ్బు పడితే కాలేజీ ఖాతాలో పడుతుంది, అందులోంచి కట్టింది తిరిగి ఇవ్వమని అడగడానికి ఆమె మళ్లీ కూలి పోగొట్టుకుని రావాలి. అసలు వస్తే వచ్చింది, రాకపోతే లేదు. ఆమె కట్టిన వడ్డీ ఉంది కదా, అది ఏ పద్దు కింద, ఏ ఫార్మాట్‌లో బిల్లు పెట్టాలో ఆర్థిక శాఖ వారు సెలవిస్తే, కాలమ్‌లన్నీ నేనే నింపి పంపిస్తాను. పక్కన ఇతరములు అని మాత్రం రాయను.