పాపం, వాళ్ళకి తెలీదంట

ఎప్పుడు చూసినా ఫోన్ కంపెనీల్ని తిట్టడమే గానీ వాళ్ళ బాధ ఎవరికి పట్టింది చెప్పండి. 2010లో అమెరికా వాళ్ళు డాడ్-ఫ్రాంక్ చట్టంలో 1502 అని ఒక సెక్షన్ పెట్టి, మీరు వాడే టిన్ను, టాంటలమ్, టంగ్‌స్టన్, బంగారం కాంగోలోనో పక్క దేశాల్లోనో తుపాకులు పట్టుకున్నోళ్ళ జేబులు నింపి వచ్చాయేమో కనుక్కుని చెప్పండి అన్నారు. వాడొద్దు అనలేదండోయ్, చెప్పమన్నారు అంతే. దానికే బీపీలు పెరిగిపోయాయి.

మొదట్లో పెద్ద కంపెనీలకి రెండేళ్ళు, చిన్నవాటికి నాలుగేళ్ళు "తేల్చలేకపోయాం" అని రాసుకునే సౌకర్యం కూడా ఇచ్చారు (నా ఇంటర్ లెక్కల పేపర్లో ఆ ఆప్షన్ ఎందుకు లేదో). అయినా కంపెనీల సంఘాలు కోర్టుకెళ్ళాయి, మా సరుకు మచ్చలేనిదని తేలలేదని మా నోటితోనే చెప్పిస్తే మా వాక్‌స్వాతంత్ర్యం ఏంగాను అని, 2014లో అప్పీల్ కోర్టు కూడా అవును కదా పాపం అనేసింది.

అసలు కనుక్కోవడం అంటే ఏంటనుకున్నారు, కంపెనీ సప్లయర్‌కి ఎక్సెల్ షీటు పంపుద్ది, ఆయన తన సప్లయర్‌కి, ఆయన ఇంకొకాయనకి, చివరికి సగం గళ్ళలో "తెలీదు" అని తిరిగొస్తుంది. తిలాపాపం తలా పిడికెడు. అదే మీరు హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్ స్క్రీన్ మార్పించి చూడండి, ఇది ఒరిజినల్ పార్ట్ కాదని కొన్ని ఫోన్లు ఆన్ చెయ్యగానే పట్టేస్తాయి.

యూరప్ వాళ్ళు ఇంకా తెలివైనోళ్ళు, 2021 నుంచి వాళ్ళ రూలు ఖనిజాన్నీ లోహాన్నీ దిగుమతి చేసేవాళ్ళకే, అదే లోహం ఫోన్లో కూర్చుని వస్తే ఎవరూ అడగరు.

ఇటు కాంగోలో రుబాయా గనులున్నాయి, మనుషులు పారలతో తవ్వి, కడిగి, కోల్టాన్‌ని (ఇందాకటి టాంటలమ్ వచ్చేది ఈ ఖనిజం నుంచే) బస్తాల్లో మోస్తారు. 2024లో ఎం23 తిరుగుబాటుదార్లు ఆ ఊరిని పట్టుకుని, కిలోకింత అని పన్నేసి నెలకి కనీసం 8 లక్షల డాలర్లు వసూలు చేస్తున్నారని ఐక్యరాజ్యసమితి నిపుణులు రాశారు, సరుకు రువాండాకి దాటించి అక్కడి సరుకులో కలిపేస్తున్నారని కూడా. అంటే అడవిలో ఉన్నోడి దగ్గర లెక్కలున్నాయి, ఏసీ రూముల్లో ఉన్నోళ్ళ దగ్గర లేవు.

కాబట్టి నా సలహా ఏంటంటే, ఏటా మే 31కి ఇవ్వాల్సిన ఆ రిపోర్టేదో రుబాయాలో పన్ను రాసుకునే కుర్రాడికే అవుట్‌సోర్స్ చేసేస్తే సరి, కిలోలతో సహా టైముకి పంపిస్తాడు. జీతం సంగతంటారా, ఇప్పుడు మాత్రం ఇస్తున్నది మనం కాదేంటి.